లిఫ్ట్ ఎక్కని అమ్మాయి

"నా లిఫ్ట్‌కి ఏం తక్కువైందండీ?"

మెట్లెక్కబోతున్న అమ్మాయి ఆగి చూసింది. ఆ భవనంలో లిఫ్ట్ చూసుకునే మెకానిక్, చేతిలో స్పానరుతో నిలబడి ఉన్నాడు.

"పది రోజులుగా చూస్తున్నాను. మీరొక్కరే ఎక్కరు. నిన్నగాక మొన్న కొత్త తీగలు వేశాను. తెగుతాయని భయమా?"

"మీ లిఫ్ట్ బంగారమే. మరమ్మతు జరిగింది నా గుండెకి."

అతని ముఖం చిన్నబోయింది. ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పింది. ఆరు వారాల కిందట అబ్లేషన్ చేశారు. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, గుండె లయ తప్పిస్తున్న చోటును కాల్చేశారు.

ఐదో అంతస్తులో బోర్డులు రాసే షాపు ఆమె నాన్నది. ఎంత ఎత్తు గోడ మీద రాసినా ఆమె అక్షరం వంకర పోదు. నిచ్చెన ఎక్కవచ్చని డాక్టర్ ఒప్పుకున్నా నాన్న ఒప్పుకోలేదు. "ముందు ఐదంతస్తులూ కూర్చోకుండా ఎక్కి రా. అప్పుడు చూద్దాం" అన్నాడు.

రోజూ మూడో అంతస్తులో చేతి వాచీ మీద గుండె వేగం నూట ఇరవై దాటుతుంది. ఆమె భయపడి కూలబడుతుంది.

"డాక్టరేమన్నారు?"

"కొన్ని నెలలు ఇలాగే పరుగెడుతుందట. ఆగి ఊపిరి తీసుకుంటే దిగాలి. దిగకపోయినా, కళ్లు తిరిగినా ఫోన్ చెయ్యమన్నారు."

"దిగుతోందా?"

"దిగుతుంది. ఈలోపు నా ప్రాణం పైకి పోతుంది."

"కొత్త తీగ వేశాక లిఫ్ట్ కూడా కొన్నాళ్లు అంగుళం కిందా మీదా ఆగుతుంది. అది చెడిపోవడం కాదండీ, కుదురుకోవడం."

మర్నాటి నుంచి ఆమె చేరిన ప్రతి అంతస్తులోనూ లిఫ్ట్ తలుపు తెరుచుకుని మెకానిక్ తల బయటపెట్టేవాడు.

"ఎంత?"

"నూట పద్దెనిమిది. మీకు వేరే పని లేదా?"

"ఇదీ సర్వీసింగే. కూర్చోకండి, కమ్మీ పట్టుకోండి."

శనివారం నాన్న పైన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడో అంతస్తులో నూట ఇరవై నాలుగు. ఆమె కమ్మీకి ఆనుకుని, నెమ్మదిగా ఊపిరి వదిలింది. నూట పది. మళ్లీ కదిలింది. ఐదో అంతస్తులో నూట ముప్పై ఒకటి. నాన్న ముందుకు రాబోతే చెయ్యెత్తి ఆపింది. మూడు నిమిషాలు నిలబడే ఉంది. తొంభై ఎనిమిది.

నాన్న పెద్ద కుంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "సోమవారం రాయబోయే గోడ మీద పై వరుస నువ్వే రాయాలి. నా చెయ్యి అంత తిన్నగా రాయదు."

అప్పుడే లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. మెకానిక్ చెమట తుడుచుకుంటున్నాడు. ఆమె వాచీ విప్పి అతని చేతికి కట్టింది.

"నూట ఇరవై ఆరు. మీరు లిఫ్ట్‌లో నిలబడే వచ్చారు కదా?"

"మిమ్మల్ని చూసిన రోజు నుంచీ ఇంతేనండీ."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "కుదురుకోడానికి ఎన్నాళ్లు పడుతుందోయ్?"

"కుదురుకోకపోయినా పరవాలేదు మావయ్యా."

"అప్పుడే మావయ్యనా? ముందు ఐదంతస్తులూ మెట్లెక్కి రా. అప్పుడు చూద్దాం."

అతను కిందికి పరుగెత్తాడు. ఆమె కుంచె భుజాన వేసుకుని, పైనుంచి తొంగిచూసి చెప్పింది.

"కూర్చోకూడదు సుమా."