మంగళ, శుక్రవారాల్లో మోగే కంచం

గణపవరం దాటాక చేపల చెరువుల మధ్య ఏసుబాబు పాత ఇల్లుంది. చీకటి పడితే ఆ గట్టు మీద సైకిల్ కూడా పోదు. తాళం వేసిన ఆ ఇంట్లో అర్ధరాత్రి అలమరలో కంచాలు వాటంతటవే మోగుతాయట... అదీ మంగళ, శుక్రవారాల్లోనే. దెయ్యమనడానికి ఊరికి ఇంకేం రుజువు కావాలి. ఏసుబాబు పెళ్లాం సుగుణ చచ్చిపోయి కూడా మొగుణ్ణి పిలుస్తోందని తేల్చేశారు.

చెరువు కాపలాలో ఉన్న మగవాళ్లని అన్నానికి పిలవాలంటే అక్కడి ఆడవాళ్లు గడపలో నిలబడి గరిటెతో కంచం కొడతారు. నీళ్ల మీదుగా ఆ చప్పుడు చాలా దూరం పోతుంది. కిందటేడు ఒక రాత్రి సుగుణ అలాగే కొట్టింది. అన్నానికే కదా, తర్వాత తింటాలే అనుకున్నాడు ఏసుబాబు. కంచం మోగింది... మోగింది... ఆగిపోయింది. అతను వెళ్లేసరికి ఆమె గడపలో గుండె పట్టుకుని పడి ఉంది. అప్పటికే ప్రాణం పోయింది.

అప్పట్నుంచి అతని మకాం చెరువు గట్టు మీద గుడిసెలోనే. ఆ ఇంట్లో కంచం మోగితే చాలు, "వస్తన్నానే" అంటూ చీకట్లో పరుగెత్తుతాడు. పాపం, ఆ చప్పుడొక్కటే అతనికి మిగిలింది.

మేనకోడలు స్టెల్లా ఏలూరు పిల్ల, భూకంపాల మీద పరిశోధన చేస్తోంది. మావయ్య పరుగు ఒకసారి కళ్లారా చూసింది. నేల కదలికలు పట్టే యంత్రమొకటి తెచ్చి ఇంటి వెనక పాతింది. రెండు నెలలు చూసింది.

"కంచాలు కదిపేది అత్తయ్య కాదు మావయ్యా. నేల కదులుతోంది."

"భూకంపమా అమ్మా?"

"అవునండి. కానీ దానంతటది వచ్చేది కాదు. అలా వచ్చేదానికి వారాలు తెలీవు కదా. డ్రెయిన్ కాలవ అవతల పాత గ్యాస్ బావి ఉంది చూడండి... మంగళ, శుక్రవారాల్లో ట్యాంకర్లతో మురికినీళ్లు తెచ్చి పంపుతో దాని అడుక్కి తోస్తున్నారు. పంపు ఆడిన మూడు గంటలకి కదులుతోంది. అదీ ఆ బావి చుట్టుపక్కలే. ట్యాంకర్లు రాని వారం ఒక్కసారీ కదల్లేదు."

"పంపు ఆపేస్తే?"

"మెల్లగా ఆగిపోద్దండి."

ఏసుబాబు తాళం వేసిన ఇంటి వైపు చూశాడు. "ఆపించకపోతే ఏమౌద్దమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు.

"పెద్దది రావచ్చు. ఊళ్లో అన్నీ పాత గోడలే మావయ్యా."

పంపు ఆపించమని రాసిన అర్జీ మీద మొదటి సంతకం ఏసుబాబే పెట్టాడు. నెల తిరక్కుండా పంపు ఆగింది.

తర్వాత కొన్ని వారాలకి, నిజంగా సద్దుమణిగిందో లేదో చూద్దామని ఒక శుక్రవారం రాత్రి స్టెల్లా ఆ గట్టెక్కింది. గాలి లేదు. ఇంటి వెనక కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తెర మీద యంత్రం గీసే గీత తిన్నగా పోతోంది...

ఠంగ్ —

ఇంట్లోంచి. మళ్లీ... ఠంగ్... ఠంగ్...

ఆమె తెర వైపు చూసింది. గీత తిన్నగానే ఉంది. నేల కదల్లేదు. పంపు లేదు, ట్యాంకర్లు లేవు... మరి ఎవరు?

ముందు వైపుకొచ్చింది. తలుపుకి తాళం లేదు. మెల్లగా తోసింది.

గడప లోపల, చీకట్లో, ఏసుబాబు. ఒళ్లో కంచం, చేతిలో గరిటె.

"మావయ్యా..."

"అది పిలిచినప్పుడు నేను ఎళ్లలేదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "ఇప్పుడు నేను పిలుస్తన్నాను. అదెందుకొస్తదిలే."

మళ్లీ గరిటె ఎత్తాడు.