పక్కవాళ్లు చెప్పొద్దు

"మీరు చెప్పొద్దు."

సృజన నాతో అన్న మొదటి మాట అది.

అరవై దాటినవాళ్ల ఆరోగ్యం మీద ఏటా జరిగే సర్వే కోసం షామీర్‌పేటలో మా ఇంటికి వచ్చింది. పోయినేడు వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఈసారి గడప మీద నిలబడ్డాను.

"పెద్దయ్యా, మొత్తం మీద మీ ఆరోగ్యం ఎట్లుందంటరు?" అని మా నాయిన గండయ్యను అడిగింది.

"మంచిగుంది, రాసుకోండి" అన్నాను. దానికే ఆ మాట పడింది.

"ఈ ప్రశ్నకు మనిషి సొంతంగ జవాబియ్యాలె. పక్కవాళ్లు చెప్తే లెక్కకు రాదు."

"నేను పక్కోన్ని కాదు, కొడుకును."

"కొడుకులే ఎక్కువ చెప్తరండి."

నాయిన నవ్వాడు. ఆ నవ్వు విని చాలా నెలలైంది. తర్వాత మెల్లగా అన్నాడు. "బాగలేదు బిడ్డా."

ఆమె ట్యాబ్‌లో వెతికింది. "పోయినేడు చాలా బాగుందన్నరు కద?"

నేను ఫైల్ తీశాను. "షుగర్ అప్పటికంటె తక్కువుంది. బీపీ నార్మల్. చూడండి."

"చూసిన. అవి వేరే పేజీల రాసిన. ఏమైంది పెద్దయ్యా?"

"ఏం కాలే. పొద్దుగాల లేస్తే కాళ్లు యాడికి పోవాల్నో తెలుస్తలేదు."

ఇప్పుడేం పని చేస్తున్నారని అడిగితే నాయిన కోళ్ల గూడు వైపు చూశాడు. గూడు మీద ఆయన చేపలు పట్టే విసురు వల కప్పి ఉంది. కోడిపిల్లల్ని గద్దలు ఎత్తుకుపోకుండా నేనే కప్పాను.

ఆ వలతోనే నన్ను డిగ్రీ చదివించాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. తూంకుంట దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పోయిన దసరాకు నాయిన చెరువు కట్ట మీద జారి మోకాలు వాచింది. ఇగ చాలన్నాను. కొడుకు ఉద్యోగం చేస్తుంటే తండ్రి నీళ్లలో దిగితే నలుగురూ ఏమనుకుంటారని కూడా అనుకున్నాను. అదే సేవ అనుకున్నాను.

గేటు దాకా ఆమె వెనకే వెళ్లాను.

"అరవై ఏడేళ్లకు చెరువుల దిగుమంటరా?"

"నేనేమనలే. రాసుకున్న."

"పనిచేస్తే ఆరోగ్యం మంచిగుంటదని మీ సర్వేల తేలిందా?"

స్కూటీ మీద కూర్చుంది. "పనిచేస్తే మంచిగుంటరా, మంచిగున్నోళ్లే పనిచేస్తరా, తేల్చుడు కష్టం. కొందరికి పని మానేస్తేనే పానం తేలికైతది. అందుకే మనిషి మనిషినీ అడుగుతం. మీరు అడిగిన్రా?"

అడగలేదు.

ఆ సాయంత్రం అడిగాను. "నాయినా, పోవాలనుందా?"

"కట్ట మీదికెల్లి విసురుత. లోతుకు పోను."

"మోకాలు నొస్తే?"

"కూసుంట. కూసునుడు నువ్వు మంచిగనే నేర్పినవ్ గద."

వల దించి చూస్తే కోళ్లు మూడు చోట్ల చింపాయి. నాయిన రెండు రోజులు కూర్చుని వల కన్ను కన్నూ కుట్టాడు. ఆదివారం పొద్దున్నే సన్నటి తుంపరలో ఆయనకు కాపలాగా నేనూ చెరువుకు వెళ్లాను.

"ఒక్కసారి విసురు" అని వల నా చేతిలో పెట్టాడు.

విసిరితే గుండ్రంగా విచ్చుకోవాలి. నాది నా నెత్తి మీదే పడింది. వెనక ఎవరో నవ్వారు. చూస్తే రెయిన్‌కోట్‌లో సృజన. పెద్దయ్య సంతకం ఒకటి మిగిలిపోయిందట.

"డిగ్రీ అయింది గని వల విప్పుడు రాలే వీనికి" అన్నాడు నాయిన.

"మస్తు విసిరిండు పెద్దయ్యా. తనను తానే పట్టుకుండు."

వల లోపల ఉన్నందువల్ల నా ముఖం ఆమెకు సరిగా కనపడలేదు, అదే నయం.

నాయిన విసిరితే ఒక రవ్వ చేప పడింది. తొలి వలలో పడ్డ చేపను మేము అమ్మం, ఇంటోళ్లమే తింటాం. నాయిన దాన్ని సృజన ముందు పెట్టాడు.

"ఇది ఇంటోళ్లకే ఇస్తం బిడ్డా. తీస్కపో."

ఆమె నన్ను ఒక్కసారి చూసి తల దించుకుంది. "వద్దు పెద్దయ్యా. సర్వే చేసే ఇంట్ల ఏం తీసుకోవద్దు. రూల్."

ఆ తర్వాత మా ఫారంలో ఇంకా ఏవో మిగిలిపోతూ వచ్చాయి. అవన్నీ ఆమెకు ఆదివారం పొద్దున్నే గుర్తొచ్చేవి. ఫారం అయిపోయాక కూడా వచ్చింది. అప్పుడు ఎవరమూ ఎందుకని అడగలేదు.

మరుసటి ఏడు సర్వేకు సుచిత్ర అనే ఆమె వచ్చింది. ఈసారి నేను నోరు విప్పలేదు.

"మోకాలు నొస్తది" అన్నాడు నాయిన. "అయినా బాగుంది. రాసుకో."

సంతోషమే. కానీ ఉండలేక అడిగాను. "సృజన గారు రాలేదా?"

"మీ ఇల్లు తనకొద్దని రాసిచ్చింది సార్."

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆదివారం చెరువు దగ్గరికి వెళ్తే, సృజన నాయిన పక్కనే కూర్చుని వల అంచున సీసం గుండ్లు సర్దుతూ కనిపించింది.

"మా ఇల్లు ఎందుకొద్దన్నరు?"

"రూల్."

"ఏం రూల్?"

"సొంతోళ్ల ఇంట్ల సర్వే చేయొద్దు."

నాయిన తొలి చేపను చాపాడు. ఈసారి రెండు చేతులా అందుకుంది.

"ఒక్క ప్రశ్న" అంది సృజన, నా వైపు తిరిగి. "మొత్తం మీద మీ ఆరోగ్యం ఎట్లుంది?"

నేను గొంతు సవరించుకునే లోపే నాయిన అందుకున్నాడు. "వానికేంది బిడ్డా, వాడు..."

"మామా" అంది ఆమె, నా మీది నుంచి చూపు తీయకుండానే. "మీరు చెప్పొద్దు."