నందివెలుగు బస్సు వెళ్ళిపోయిందా?

మంగళవారం ఉదయం ఆరుంపావుకి రేపల్లెలో వాకింగ్‌కి బయల్దేరిన డాక్టర్ లక్ష్మీనరసింహాన్ని నంబరు ప్లేటు లేని టిప్పర్ గుద్దేసింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. టిప్పర్ ఆగలేదు. ఏడింటికల్లా ఆయన క్లినిక్ తాళం బద్దలై ఉంది. లోపల లాప్‌టాప్ ఎక్కడిదక్కడే ఉంది, బీరువా జోలికి ఎవరూ పోలేదు. పోయింది ఒకే ఒక్క పేషెంటు ఫైలు.

మర్నాడు ఎనిమిదింటికి, తెనాలి స్టేషన్ రోడ్డులో ఒక జెరాక్స్ షాపు వెనక గదిలో ఏజెంట్ కౌండిన్య కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ కాలు ఊపుతూనే ఉన్నాడు. ముందు గదిలో ఆధార్ కార్డులు జెరాక్స్ అవుతుంటాయి, వెనక గదిలో దేశ రహస్యాలు. కరెంటు పోతే రెండింటికీ ఒకే ఇన్వర్టరు. షాపు ఓనరు సంజీవరావే ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటుకి జోనల్ చీఫ్.

"కాలు ఆపు," అన్నాడు చీఫ్.

"చెప్పండి సార్."

"పేషెంటు పేరు మనకి తెలీదు. కొత్త మందు ట్రయల్‌లో పేర్లుండవు, నంబర్లే. ఆర్-సెవెన్. రేపల్లె ఆవిడ, యాభై దగ్గరి వయసు. ముఖం తెలిసినవాడు లక్ష్మీనరసింహం ఒక్కడే. ఆయనా పోయాడు, ఫొటో ఉన్న ఫైలూ పోయింది."

"జబ్బేంటి సార్?"

"మయాస్థీనియా గ్రావిస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాల్లో కొన్నిటికి మతి పోయి, నరం నుంచి కండకి వెళ్ళే కబురుని అడ్డుకుంటాయి. రెప్ప వాలిపోతుంది. మాట ముక్కులోకి పోతుంది. నమిలితే దవడ అలిసిపోతుంది. ఆఖర్న ఊపిరి. ఆవిడకి ఇప్పటికి రెండుసార్లు వెంటిలేటర్ పెట్టారు. మూడోసారి వస్తే నమ్మకం లేదట."

"మందుల్లేవా?"

"ఉన్నాయి. కాపలావాళ్ళందర్నీ కట్టగట్టి నీరసపెట్టే మందులు. ఏళ్ళ తరబడి వాడాలి. మన బాపట్ల ల్యాబ్‌లో డాక్టర్ వైదేహి చేసింది వేరు. మతి పోయిన కణాలు దేన్ని చూస్తే మీద పడతాయో సరిగ్గా అలాంటి ముక్క తయారుచేసి, దాని వెనక టాక్సిన్ కట్టింది. ఆ కణం ఎరని మింగి చస్తుంది. మిగతా కణాలు దాన్ని ముట్టుకోవు."

"చేపకి గాలం వేసినట్టు."

"అంతే. పదకొండు నెలలకి ఒక్క డోసు తయారైంది. ఫ్రీజర్లోంచి తీసి కరిగించాక తొంభై నిమిషాలే పనిచేస్తుంది. విదేశాల్లో ఆర్కిడ్ అని ఒక ముఠా ఉంది. మందుల రహస్యాలు అమ్ముకుని బతుకుతుంది. వాళ్ళే చేశారిది. కొట్టేసేవాళ్ళయితే ల్యాబ్ మీద పడాలి. పేషెంటు ఫైలుతో వాళ్ళకేం పనో నాకు అంతు పట్టట్లేదు."

"కోడ్?"

"మన ఏజెంట్ సంజన సెట్ చేసింది. ఆవిడతో ఫోన్లో మాట్లాడింది తనే. రేపల్లె స్టేషన్లో ఒకావిడ నీ దగ్గరికొచ్చి 'నందివెలుగు బస్సు వెళ్ళిపోయిందా అండి?' అంటుంది. నందివెలుగు ఉన్నది తెనాలి పక్కన. రేపల్లె స్టేషన్లో ఆ బస్సు గురించి ఎవరూ అడగరు. నువ్వు 'నడిచే వెళ్దాం రండి' అనాలి. ఫోను ఇంట్లో పెట్టి, ఒంటరిగా రమ్మన్నాం. సంజన బాపట్లలో ల్యాబ్ సెక్యూరిటీ చూస్తోంది."

సంజన పేరు వినగానే కౌండిన్య కాలు ఒక్క క్షణం ఆగింది. కళ్ళకి కాటుక పెట్టుకుని ఆమె ముగ్గురు విదేశీ దౌత్యాధికారుల చేత నిజాలు చెప్పించింది. కౌండిన్య చేత కూడా రెండు మూడు చెప్పించింది. అవి ఏ రిపోర్టులోనూ లేవు.

ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషంలో కౌండిన్య రేపల్లె పాసింజర్ ఎక్కాడు. ఈ వేషంలో ఉంటే ఎవరూ ముఖంలోకి చూడరు, ఎక్కడ పాలసీ అంటగడతాడోనని.

రేపల్లె ప్లాట్‌ఫారం మీద ఆవిడే వచ్చింది. నెరిసిన ముడి, నీరుకావి చీర, దళసరి కళ్ళద్దాలు, ముఖానికి మాస్కు. ఎడమ రెప్ప పూర్తిగా వాలిపోయి ఉంది. మాట ముక్కులోంచి వచ్చింది.

"నందివెలుగు బస్సు వెళ్ళిపోయిందా అండి?"

"నడిచే వెళ్దాం రండి, అక్కయ్యగారూ."

తిరుగు పాసింజర్లో ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. వేమూరు దాటాక చేగోడీలు అమ్మకానికొస్తే కౌండిన్య ఒక పొట్లం కొని ఇచ్చాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగి, మాస్కు కొంచెం పైకెత్తి, ఒక్కొక్కటే కరకరలాడిస్తూ పొట్లం ఖాళీ చేసింది. సంజన ఫోను నుంచి మెసేజ్ వచ్చింది. 'ల్యాబ్ క్లియర్. జాగ్రత్త.' అయినా కౌండిన్యకి కుదురు లేదు. ఎక్కినవాళ్ళనీ దిగినవాళ్ళనీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

తెనాలిలో బాపట్ల బండి అందుకోవడానికి పది నిమిషాలుంది. ఆవిడ్ని నడిపించుకుంటూ మెట్ల వంతెన కిందికి వచ్చేసరికి, అక్కడ బెంచీ మీద కూర్చున్న ఒకావిడ అరచేత్తో గడ్డం ఎత్తిపట్టుకుని అతన్ని ఆపింది.

"నందివెలుగు బస్సు... వెళ్ళిపోయిందా అండి?"

కౌండిన్య ఉలిక్కిపడి, తర్వాత నవ్వుకున్నాడు. తెనాలిలో నందివెలుగు బస్సు గురించి అడగనిదెవరు?

"బండి వచ్చేస్తోంది బాబూ," అంది పక్కనున్న ఆర్-సెవెన్.

"అరగంటకోటి ఉంటుందండి. బస్టాండుకెళ్ళి అడగండి," అనేసి కౌండిన్య ముందుకి నడిచాడు.

సూర్యలంక దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. రొయ్యల వ్యాన్లు వస్తుంటాయి, పోతుంటాయి. దాని వెనక తెల్లటి గదిలోనే వైదేహి ల్యాబ్. వాచ్‌మన్ వేషంలో ఉన్న డిపార్ట్‌మెంటు మనిషి శాలేమురాజు తలుపు తీశాడు.

"సంజన మేడమ్ ఏదోయ్?"

"పొద్దుణ్ణించీ కనబడలేదు సార్. ఫోన్లో మెసేజ్‌లు పెడుతున్నారు."

ఒంటిగంటన్నరకి వైదేహి సీసా కరిగించింది. ఆర్-సెవెన్ మంచం మీద పడుకుంది. కౌండిన్య గోడ పక్కన నిలబడి గడియారం చూస్తున్నాడు, కిటికీ చూస్తున్నాడు, మళ్ళీ గడియారం చూస్తున్నాడు. ఏదో ఒకటి పంటి కింద రాయిలా తగులుతోంది. వైదేహి సిరంజి నింపి, ఆవిడ చెయ్యి పట్టుకుంది. సూది చర్మానికి తగలబోతోంది.

"మేడమ్, ఒక్క నిమిషం. ఈ జబ్బున్నవాళ్ళు చేగోడీలు తింటారా?"

"ఒకటి తినేసరికి దవడ పడిపోతుంది. ఏం?"

"ఈవిడ పొట్లమంతా తినేసింది."

వైదేహి సిరంజిని ఐసు ట్రేలో పెట్టేసింది. ఒక ఐసు ముక్కని రుమాల్లో చుట్టి ఆవిడ ఎడమ రెప్ప మీద నొక్కిపట్టింది. "చల్లదనం తగిలితే కండకి కబురు కాసేపు సరిగ్గా అందుతుంది. మయాస్థీనియా అయితే రెప్ప లేస్తుంది. రెండు నిమిషాలు."

రెండు నిమిషాలూ కౌండిన్య గడియారం ముల్లుతో పాటు లెక్కపెట్టాడు. వైదేహి రుమాలు తీసింది. రెప్ప వాలినది వాలినట్టే ఉంది.

మంచం మీది మనిషి ఒక్క ఊపున లేచి సిరంజి మీదికి చెయ్యి విసిరింది. ఒంటికన్నుతో దూరం అంచనా తప్పింది. చెయ్యి ట్రేకి బెత్తెడు ఇవతల గాల్లో మూసుకుంది. ఆ చెయ్యి మళ్ళీ తెరుచుకునేలోపు కౌండిన్య మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. మాస్కు ఊడిపోయింది.

"సంజనా," అన్నాడు.

"మెసేజ్‌లు ముందే టైము పెట్టి ఉంచాను. ఈ రెప్పలోకి ఇంజెక్షన్ చేసుకున్నాను. అదీ ఒక టాక్సినే," అంది సంజన, తన మామూలు గొంతుతో. "నువ్వెప్పుడూ కళ్ళే చూసేవాడివి. అందుకే కళ్ళనే మార్చాను."

"ఎందుకిదంతా? డోసు కొట్టేస్తే సరిపోయేదిగా."

"కొట్టేస్తే కేసవుతుంది, వైదేహి ఇంకోటి చేస్తుంది. అదే ఇంజెక్షన్ ఇచ్చాక కూడా పేషెంటు రెప్ప లేవకపోతే? మందు ఫెయిలని వైదేహే చేత్తో రాస్తుంది. ఏళ్ళ తరబడి వాడే మందులు అమ్ముకునేవాళ్ళకి కావలసింది ఆ కాగితమే."

"అసలావిడ ఎక్కడ?"

"ఆవిడకి ఎవరూ ఏ హానీ చెయ్యలేదు. ఈ రోజు మాత్రలు వేసుకోవద్దన్నాను. చోటు తెనాలి స్టేషన్‌కి మారిందని చెప్పి, వచ్చినవాళ్ళని కోడ్ అడగమన్నాను. అంతే."

కౌండిన్యకి గడ్డం కింద పెట్టుకున్న అరచెయ్యి గుర్తొచ్చింది. దవడ నిలవక పట్టుకున్న చెయ్యి అది. రేపల్లెలో ఎవరూ అడగని మాట, తెనాలిలో ప్రతివాళ్ళూ అడిగే మాట. ఆవిడ ప్రాణం అరచేతిలో పెట్టుకుని సాయం అడిగితే, తను బస్టాండుకి వెళ్ళమన్నాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

శాలేమురాజు సంజనకి బేడీలు వేసేసరికి టైము ఒకటీ నలభై ఐదు. డోసుకి ఇంకా డెబ్భై ఐదు నిమిషాలుంది.

రొయ్యల వ్యాన్లో వైదేహి ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కౌండిన్య వ్యాన్ తోలుతూ బాపట్ల దాటాడు. పొన్నూరులో వరిగడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చింది, ఊరవతల గేటు పడింది. గేటు దగ్గర నాలుగు నిమిషాలు నాలుగేళ్ళలా గడిచాయి. అంబులెన్సుని ఆక్సిజన్‌తో తెనాలి స్టేషన్ ముందు పెట్టమని వైదేహి ఫోన్లో చెబుతూనే ఉంది. బెంచీ దగ్గరికి చీఫ్‌ని పంపొచ్చుగానీ, వంతెన కింద బెంచీలు పది, కూర్చున్న ఆడవాళ్ళు వందమంది, ఆవిడ ముఖం చూసింది తనొక్కడే.

రెండూ యాభై మూడుకి కౌండిన్య ప్లాట్‌ఫారం మీద పరిగెడుతున్నాడు.

ఆవిడ అదే బెంచీ మీద ఉంది. తల గోడకి ఆనించి ఉంది. రెండు రెప్పలూ వాలిపోయాయి. ఎవరో వస్తున్న అలికిడికి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. పొద్దుణ్ణించీ వందమందిని అడిగి అడిగి గొంతు అరిగిపోయింది. కౌండిన్య ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నడిచే వెళ్దాం రండి, అక్కయ్యగారూ," అన్నాడు. నడిపించలేదు. రెండు చేతులతో ఎత్తుకుని అంబులెన్సుకి మోశాడు.

రెండూ యాభై ఆరు. వైదేహి మళ్ళీ రుమాలూ ఐసూ తీసింది.

"మేడమ్, నాలుగు నిమిషాలే ఉంది."

"ఒకసారి మోసపోబోయాను. ఈవిడే అని తెలియకుండా ఇవ్వను."

రెండు నిమిషాలు. వైదేహి రుమాలు తీసింది. తడి రెప్ప వణికింది, కొద్దిగా లేచింది, ఇంకా లేచింది. ఒక నల్లని కన్ను పూర్తిగా తెరుచుకుని కౌండిన్య వంక కోపంగా చూసింది. ఆ కోపం చూసి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

రెండూ యాభై తొమ్మిదికి సూది దిగింది.

మూడు నెలల తర్వాత జెరాక్స్ షాపుకి ఒకావిడ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కాపీలు తీయించుకోవడానికి వచ్చింది. పేరు సామ్రాజ్యం. రేపల్లెలో స్కూలు టీచరు, లూథరన్ చర్చిలో క్వయర్ లీడరు. వచ్చే సోమవారం మళ్ళీ డ్యూటీలో చేరుతోంది. రెండు కళ్ళూ బాగా తెరిచే ఉన్నాయి. స్టూలు మీద కాలు ఊపుకుంటూ కూర్చున్న కౌండిన్యని ఆ రెండూ పట్టేశాయి.

"మీరేగా ఆ రోజు, నందివెలుగు బస్సు అరగంటకోటి ఉంటుందన్నది?"

"అవునండి."

"ఇందాక బస్టాండుకెళ్ళి కనుక్కున్నాను. ముప్పావుగంటకోటట. తెలియకపోతే తెలియదని చెప్పాలి."

"తప్పయిందండి."

"ఆ కాలు ఊపడం ఆపండి ముందు."

కాలు ఆగిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఆ పని చేతకాని సంజీవరావు కాపీలు ఆవిడ చేతికిస్తూ, డిపార్ట్‌మెంటులో టీచర్లని తీసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయా అని ఆలోచనలో పడ్డాడు.