చీకట్లోకి సాగిన పోగు

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. పల్లెల్లో ఉచిత వైద్య శిబిరం అనగానే అందరికంటే ముందు పేరిచ్చింది సులోచన. చింతామణిలో అంగడి నడిపే నరసింహయ్య కూతురు. బెంగళూరులో వైద్యం చదువు, ఆఖరి సంవత్సరం. అది 1961, శ్రావణమాసం. దిబ్బూరహళ్ళి దాటినాక ఒక చిన్న ఊళ్ళో గంగప్ప అనే రైతు తన పట్టుపురుగుల కొట్టం శిబిరానికిచ్చాడు. వెదురు తట్టలు గోడకు చేరేసి, సున్నం కొట్టి, రెండు మంచాలు వేశారు. ఉడికిన పట్టుగూళ్ళ వాసన మాత్రం పోలేదు. అది ఒకసారి గోడకు పట్టిందంటే అంతే.

మూడోరోజు మధ్యాహ్నం గంగప్ప భార్య మునిరత్నమ్మ ఐదేళ్ళ కూతుర్ని భుజాన వేసుకొని పరిగెత్తుకొచ్చింది. పిల్ల పేరు యశోద. గొంతులో తెల్లటి పొర కట్టింది, ఊపిరాడటం లేదు. డిఫ్తీరియా. దానికి వేయాల్సిన సీరం శిబిరంలో లేదు. తోటి విద్యార్థులు టీకాలకని పక్క ఊరికి పోయారు. వాళ్ళ వెంట వచ్చిన పెద్ద డాక్టరు సీరం కోసం గంగప్పను ఎక్కించుకొని చిక్కబళ్ళాపురానికి జీపు తీశాడు. పోతూ పోతూ, "నేనొచ్చేదాకా ప్రాణం నిలబెట్టమ్మాయ్" అన్నాడు. అనడం సుళువే. దేంతో నిలబెట్టాలో మాత్రం చెప్పలేదు.

వాన పట్టుకుంది. నాలుగింటికే కొట్టంలో చీకట్లు కమ్మితే సులోచన లాంతరు వెలిగించి మంచం పక్కన పెట్టింది. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింది గుంట లోపలికి పోతోంది. సులోచనకు ఏడుపు తన్నుకొస్తోంది. తానే ఏడిస్తే ఆ తల్లి ఏమైపోతుందోనని దిగమింగుకుంది.

అప్పుడు వినిపించింది... కొట్టం ఆ చివర, చీకట్లో, దారం తీసే చరకా చప్పుడు.

కిర్రు... కిర్రు...

"అక్కడెవరు?"

"ఎవరూ లేరమ్మా." మునిరత్నమ్మ ఆ వైపు చూడలేదు. "మా అత్త పోయి నెలాయె. అప్పట్నించీ ఈడ దారం తీసేవాళ్ళే లేరు."

పిల్ల ఊపిరి ఆగిపోయింది.

సులోచన పిల్ల నోరు తెరిచి సన్నటి పట్టుకారు లోపలికి పోనిచ్చింది. పొర అంచు దొరికింది. మెల్లగా లాగింది. పొర రాలేదు... పోగు వచ్చింది. తడిగా, వెచ్చగా, పట్టుపోగు. మూరెడు. బారెడు. వస్తూనే ఉంది. పిల్ల గుర్రుమని ఊపిరి తీసింది.

సులోచన పోగు వదిలేసింది. అది కింద పడలేదు. లాంతరు వెలుగు దాటి, బిగుతుగా, చీకట్లోకి సాగిపోతోంది. అవతలి కొస ఎవరో పట్టుకున్నారు.

"మా అత్తే," అంది మునిరత్నమ్మ. "చేతబట్టిన గూడును సగంలో వదిలే మనిషి కాదమ్మా... లోపలి పురుగు బయటపడేదాకా తీసేది."

సులోచన కత్తెర అందుకొని పోగు పట్టుకుంది. అంతే, పిల్ల కళ్ళు తేలేసింది. వదిలింది. ఊపిరి వచ్చింది. మళ్ళీ పట్టుకుంది. ఆగిపోయింది.

"తెంచొద్దమ్మా! బిడ్డ ఊపిరి తీస్తాండాది, తెంచొద్దు!"

"తెంచకపోతే గూడు ఖాళీ అయిపోతుంది, తెలుసా అక్కా?"

"తెలుసు," అంది మునిరత్నమ్మ. "నా బిడ్డ నాకుంటే చాలు."

సులోచన కత్తెర పారేసి చీకటికి చేతులు జోడించింది. "చాలవ్వా... నీ మనవరాలే కదా. వదిలెయ్యి... నీ కాళ్ళు పట్టుకుంటాను..."

కిర్రు... కిర్రు... ఇంకా జోరుగా.

ఎంతసేపు గడిచిందో. బయట జీపు హారను మోగింది. అప్పుడే పోగు చివరి కొస పిల్ల పెదవి దాటి, గాల్లో ఊగుతూ చీకట్లో కలిసిపోయింది. చరకా ఆగింది.

గంగప్పతోపాటు డాక్టరు తడిసి ముద్దై వచ్చాడు. టార్చి వేసి గొంతు చూశాడు. పొర లేదు. "శభాష్! ఏం చేశావమ్మాయ్?" అన్నాడు. పిల్ల కళ్ళు విప్పి తల్లిని చూసి నవ్వింది. మునిరత్నమ్మ భోరుమంది. ఆయన సీరం వేసి, "పెన్సిలిన్ కూడా పడాలి. బరువెంతో చూద్దాం" అని దూలానికి కాటా తగిలించి, దానికి గుడ్డ ఉయ్యాల కట్టాడు.

సులోచన పిల్లను ఎత్తింది. ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి.

ఉయ్యాల్లో కూర్చొని పిల్ల కాళ్ళు ఆడిస్తోంది. డాక్టరు కాటాను గోటితో తట్టాడు. తీసి, మళ్ళీ తగిలించాడు. ముల్లు సున్న దాటలేదు.

"బాగైపాయె కదమ్మా," మునిరత్నమ్మ రెండు చేతులూ చాచింది. "ఇంటికి ఎత్తుకొని పోదునా?"