ఫ్రాన్స్ వెళ్లని వ్యాన్లు

మెట్ల కింద మనిషి బోర్లా పడి ఉన్నాడు.

ఉదయం ఏడున్నర. లేక్ సుపీరియర్ మీద నుంచి లేచిన పొగమంచు ఒడ్డంతా కమ్మేసింది. పైన నిలబడిన షెరిఫ్ డిప్యూటీకి కింద పారామెడిక్స్ మాటలు వినిపిస్తున్నాయి. మనుషులు మాత్రం కనిపించడం లేదు.

డిటెక్టివ్ దేదీప్య క్యాంప్‌గ్రౌండ్ నుంచి సరస్సు ఒడ్డుకు వేసిన చెక్కమెట్లు దిగి వచ్చేసరికి స్ట్రెచర్ ఎత్తుతున్నారు.

“ప్రాణం ఉందా?”

“ప్రస్తుతానికి ఉంది. తలకు గట్టి దెబ్బ.”

పడిన మనిషి పేరు తేజేశ్వర్. మిషిగన్‌లోనే ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీ ఇంజనీరు. వయసు ముప్పై నాలుగు.

“కాలు జారి ఉంటుంది,” అన్నాడు ఆమె వెనకే దిగి వచ్చిన డిప్యూటీ.

దేదీప్య తల ఎత్తి మెట్ల వైపు చూసింది. జారినవాడు వెనక్కి కూలబడతాడు. పై మెట్టు నుంచే ఒళ్లు కొట్టుకుంటూ దొర్లుతాడు. ఇక్కడ మొదటి రక్తపు మరక పైనుంచి చాలా కిందికి ఉంది. అంతవరకు ఏ మెట్టు మీదా ఒళ్లు రాసుకున్న గుర్తు లేదు. అంటే మనిషి గాల్లోకి లేచి ముందుకు పడ్డాడు.

వెనక నుంచి ఎవరో తోశారు.

“రాత్రి భోజనాల దగ్గర వీళ్లలో వీళ్లు గొడవపడ్డారట. పక్క సైట్ వాళ్లు చెప్పారు. ఏ భాషో తెలియలేదట. మీ భాషే అనుకుంటా,” అన్నాడు డిప్యూటీ.

దేదీప్య మిషిగన్‌లోనే పుట్టింది. తెలుగు నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. బెల్‌రివ్ కౌంటీ షెరిఫ్ ఆఫీసులో తెలుగు వినగలిగే మనిషి ఆమె ఒక్కతే.

క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కపక్కనే రెండు క్యాంపర్‌వ్యాన్లు. ఎర్రబడిన మేపుల్ చెట్ల కింద రెండింటి తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఒకటి తేజేశ్వర్, రష్మి దంపతులది. రెండోది నిశాంత్, అనుష్కలది.

ముందుగా రష్మిని కూర్చోబెట్టింది. భర్తతోపాటు అంబులెన్స్ ఎక్కబోతే, విచారణ అయ్యేదాకా ఎవరూ కదలొద్దని ఇంకొక డిప్యూటీ ఆపాడు.

“మీ హస్బెండ్ ఎప్పుడు బయటికి వెళ్లింది?” అని అడిగింది దేదీప్య.

“తెలీదండి. నేను నిద్రపోతున్నా. నిశాంత్ అరుపులకి లేచాను.”

“రాత్రి ఏం గొడవ?”

రష్మి మంట ఆరిన గుంట వైపు చూసింది.

“ఫ్రాన్స్ గురించి.”

ఆ నలుగురూ ఈ అక్టోబర్‌లో ఫ్రాన్స్ వెళ్లాలనుకున్నారు. రెండు వ్యాన్లు అద్దెకు తీసుకుని, ద్రాక్షతోటలు ఎర్రబడే రోజుల్లో ఊరూరా తిరగాలని. వీసా స్టాంపింగ్ అడ్డం వచ్చింది. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం కష్టమని కంపెనీ లాయర్ చెప్పాడు. అప్పుడు నిశాంత్ నవ్వుతూ ఇంకో దారి చూపించాడట. మిషిగన్ ఉత్తరాన సగం ఊళ్లకు ఫ్రెంచి పేర్లే కదా, అవే తిరుగుదాం అని.

“గొడవ ఎక్కడ మొదలైంది?”

“మంట దగ్గర కూర్చున్నాం. అసలైతే ఏ ఊళ్లు తిరిగేవాళ్లమో నిశాంత్ చెప్తున్నాడు. మధ్యలో ఆగాడు. మిగతాది నేను చెప్పేశాను. అలవాటులో వచ్చేసింది. ఈ ప్లాన్ ఎప్పటిదని తేజ్ అడిగాడు. ఎమ్మెస్ చదివేటప్పటిదని నిశాంత్ చెప్పేశాడు. మా ఇద్దరి పెళ్లిళ్లకీ ముందుది. నేనూ నిశాంత్ క్లాస్‌మేట్స్‌మి. తేజ్ ప్లేటు విసిరేసి లేచిపోయాడు.”

“మీకూ నిశాంత్‌కీ మధ్య…”

“అప్పుడూ లేదు. ఇప్పుడూ లేదు,” అంది రష్మి. కళ్లు తుడుచుకుని, “కానీ అనుష్క మాత్రం ఎప్పుడూ నా వంక అదోలా చూస్తుంది,” అని చేర్చింది.

నిశాంత్ మనిషి పొడగరి. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేడమ్, తేజ్‌కి ఎలా ఉంది? రష్మి ఎలా ఉంది? ఏమైనా తిందా?”

దేదీప్య గమనించింది. తన భార్య ఎలా ఉందని అతను అడగలేదు.

“రాత్రి తేజేశ్వర్ మీ కాలర్ పట్టుకుందా? పక్క సైట్ వాళ్లు చెప్పారు.”

“పట్టుకున్నాడు. కోపంలో. నేను ఏమీ అనలేదు.”

“పొద్దున మీరు ఎక్కడ?”

“వ్యాన్ వెనకాల టీ పెడుతున్నాను. అను పరిగెత్తుకొచ్చి నైన్ వన్ వన్‌కి కాల్ చెయ్యమంది. చేశాను.”

“తేజేశ్వర్‌ని మీరు తోశారా?”

అతని మొహం పాలిపోయింది. “నేనెందుకు తోస్తాను మేడమ్?”

ఎందుకు తోస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు. ఒక భర్త, ఒక పాత స్నేహితుడు, మధ్యలో ఒక ఆడమనిషి. షెరిఫ్ కూడా ఫోన్లో అదే మాట అన్నాడు. నిశాంత్‌ని స్టేషన్‌కి తీసుకురమ్మన్నాడు.

“అనుష్కతో మాట్లాడాక,” అంది దేదీప్య.

అనుష్క వ్యాన్ లోపల గిన్నెలు సర్దుతోంది. రాత్రి గొడవ జరుగుతున్నంతసేపూ ఆమె ఒక్క మాట మాట్లాడలేదని, మంచినీళ్ల పంపు దగ్గర గిన్నెలు కడుగుతూ ఉండిపోయిందని మిగతా ఇద్దరూ చెప్పారు.

“మీరు ఏం చూశారు?”

“నేను షవర్ రూమ్ నుంచి వస్తున్నా. అరుపు వినబడింది. మెట్ల దగ్గరికి పరిగెత్తాను. కిందకి చూస్తే తేజ్ పడి ఉన్నాడు. మొహం కూడా కనిపించింది. వెంటనే వెళ్లి నిశాంత్‌కి చెప్పాను.”

“తేజేశ్వర్ మెట్ల దగ్గరికి ఎందుకు వచ్చింది?”

అనుష్క పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది.

“వచ్చింది కాదండీ. వచ్చాడు అనాలి. మగవాళ్లకి వచ్చాడు. రష్మి అయితే వచ్చింది.” ఆగి, “సారీ. ఆదివారాలు ట్రాయ్‌లో పిల్లలకి తెలుగు చెప్తాను. అలవాటైపోయింది. మా క్లాసులో పిల్లలంతా మీలాగే అంటారు,” అంది.

“నాయనమ్మ కూడా తిట్టేది,” అంది దేదీప్య నవ్వి.

ఆ మాటతో లేచింది. ఆ క్షణాన అందులో ఏముందో ఆమెకూ తెలియలేదు.

మధ్యాహ్నం హాస్పిటల్లో నర్సు ఒక ప్లాస్టిక్ సంచి చేతికిచ్చింది. ఆపరేషన్‌కి ముందు తేజేశ్వర్ ఒంటి మీద నుంచి తీసిన బట్టలు. జీన్స్, బూట్లు. వాటి కింద కత్తెరతో రెండుగా కోసిన శాలువా. మెరూన్ రంగు. అంచున అద్దాల పని.

మగవాడు కొనుక్కునే శాలువా కాదు.

“ఇది ఎలా ఉంది ఒంటి మీద?” అని పారామెడిక్‌ని అడిగింది.

“తల మీదుగా కప్పుకున్నాడు. చలికి ముసుగులా.”

రష్మి, నిశాంత్‌ల ఫోన్లు పొద్దునే తీసుకోవడంతో, దేదీప్య క్యాంప్‌గ్రౌండ్‌లోని డిప్యూటీకి ఫోన్ చేసి రష్మికి ఇమ్మంది.

“మెరూన్ షాల్ మీదా?”

“నాదేనండి. ట్రిప్ అంతా అదే కప్పుకుని తిరిగాను. రాత్రి తేజ్ అలిగి ముందు సీట్లోనే పడుకున్నాడు. చలికి ముడుచుకుపోతుంటే చూడలేక నేనే కప్పాను.”

దేదీప్య కార్లో కూర్చుని అద్దాలు ఎత్తేసింది. నైన్ వన్ వన్ రికార్డింగ్ పెట్టింది. పొద్దున ఆఫీసు వాళ్లు సాఫ్ట్‌వేర్‌తో చేయించిన ఇంగ్లీషు అనువాదాన్నే ఆమె చూసింది. పడిపోవడం గురించి రెండు ముక్కలు, అంతే. ఇప్పుడు తెలుగు విన్నది.

పడింది ఎవరని ఫోన్ ఎత్తిన డిస్పాచర్ అడుగుతోంది. నిశాంత్ వెనక్కి తిరిగి, “ఎవరు?” అంటున్నాడు.

దూరంగా అనుష్క గొంతు. రొప్పుతోంది.

“పడిపోయింది… మెట్ల మీద నుంచి పడిపోయింది!”

వెంటనే నిశాంత్ కేక. “రష్మీ!”

దేదీప్య రికార్డింగ్ ఆపింది. ఇంకోసారి విన్నది. ఆ తర్వాత కారు స్టార్ట్ చేసింది.

మూడు గంటలకు పొగమంచు విడిపోయింది. క్యాంప్‌గ్రౌండ్ మధ్యలో పిక్నిక్ షెడ్డు. పొడవాటి బల్లకు ఒక పక్క రష్మి, ఇంకో పక్క నిశాంత్, అతనికి కొంచెం ఎడంగా అనుష్క. షెడ్డు మొదట్లో డిప్యూటీ నిలబడ్డాడు.

“ఇష్టం లేకపోతే ఎవరూ మాట్లాడక్కర్లేదు. లాయర్ కావాలంటే పిలవొచ్చు,” అని మొదలుపెట్టింది దేదీప్య. “నిశాంత్, ఫోన్లో మీరు రష్మీ అని ఎందుకు అరిచారు?”

“లేపడానికి.”

“అబద్ధం. వ్యాన్ మీ పక్కనే ఉంది. మీరు మెట్ల వైపు పరిగెత్తారు. అడుగుల చప్పుడు రికార్డ్ అయింది.”

నిశాంత్ బల్ల మీది ఎండుటాకును గోటితో చించాడు.

“మీరు ‘ఎవరు?’ అని అడిగారు. అనుష్క ‘పడిపోయింది’ అని చెప్పారు. ‘పడిపోయాడు’ అనలేదు.” దేదీప్య ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పలికింది. “ఇంగ్లీష్‌లో మగా ఆడా ఇద్దరికీ ‘ఫెల్’ అని ఒకటే మాట. అందుకే మా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. మీకు మాత్రం వెంటనే తెలిసింది. పడింది ఆడమనిషి అని. మీ భార్య మీ ముందే ఉంది. మిగిలింది రష్మి.”

రష్మి గభాలున అనుష్క వైపు తిరిగింది.

“కంగారులో నోరు జారింది,” అంది అనుష్క. గొంతు నిబ్బరంగానే ఉంది. “మీరు అనట్లేదా?”

“నేను అంటాను. మీరు అనరు. మీరు టీచర్.” దేదీప్య ముందుకు వంగింది. “సరే, నోరు జారిందే అనుకుందాం. తేజేశ్వర్ మొహం చూశానన్నారు. పొద్దున మా డిప్యూటీ పైన నిలబడితే కింద ముగ్గురు మనుషులు కనిపించలేదు. మీకు మొహం ఎలా కనిపించింది?”

అనుష్క మెట్ల వైపు చూసింది.

“మీరు కింద చూడలేదు. పైన చూశారు. పొగమంచులో మెరూన్ షాల్, తల మీద ముసుగు. వెనక నుంచి చూశారు. తేజేశ్వర్‌తో మీకు ఏ గొడవా లేదు. ఆ షాల్ వేసుకునే మనిషితో ఉంది.”

గాలికి మేపుల్ ఆకులు కొన్ని బల్ల మీద రాలాయి.

“అనూ,” అన్నాడు నిశాంత్ మెల్లగా.

“నువ్వు మాట్లాడకు!” అనుష్క ఒక్కసారిగా అరిచింది. “రష్మీ అని అరిచావు చూడు. ఆ అరుపు నా చెవుల్లోంచి పోవట్లేదు. నేను పడితే అలా అరుస్తావా?”

తర్వాత దేదీప్య వైపు తిరిగింది. మాటలు వాటంతట అవే వచ్చేస్తున్నాయి.

“పెళ్లైనప్పటి నుంచి వింటున్నా ఫ్రాన్స్ అని. నాకోసమే అనుకున్నా. ఆ ఊళ్ల పేర్లన్నీ బట్టీపట్టాను, సరిగ్గా పలకడం కూడా నేర్చుకున్నా. నిన్న రాత్రి తెలిసింది, అందులో ప్రతి ఊరూ ముందు దీనితో అనుకున్నదే. ఆయన సగం చెప్పిన మాట ఇది పూర్తిచేసింది. నాకు ఒక్కసారి కూడా అలా పూర్తిచెయ్యడం రాలేదు. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున ఆ శాలువా కనిపించింది. ఒంటరిగా సరస్సు చూస్తూ నిలబడింది అనుకున్నా. ఎంత హాయిగా ఉందో అనుకున్నా. అంతే. చేతులు వెళ్లిపోయాయి.”

రష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“మీకు తెలుసు కదా?” అని నిశాంత్‌ని అడిగింది దేదీప్య. “కింద తేజేశ్వర్‌ని చూసినప్పుడే అనుమానం వచ్చింది.”

“వచ్చింది. భార్య కదా మేడమ్. ఎలా చెప్పమంటారు?”

డిప్యూటీ వచ్చి అనుష్క చేతులకు బేడీలు వేశాడు. ఆమె వాటి వంక చూడనైనా లేదు.

“ఒక్కటి చెప్పండి,” అంది దేదీప్యతో, గొంతు తగ్గించి. “వీళ్లిద్దరూ ఫోన్లు మీకిచ్చారు. అన్నీ చదివారు కదా. ఏముంది?”

చెప్పాల్సిన అవసరం లేదు. అయినా ఆమె కళ్లు చూశాక చెప్పకుండా ఉండలేకపోయింది దేదీప్య.

“బర్త్‌డే విషెస్. వ్యాన్ రెంటల్ లింక్. ఇంకేం లేదు.”

ఆ మాటకి అనుష్క మొహంలో ఏ మార్పూ రాలేదు.

దేదీప్య ఫోన్ మోగింది. హాస్పిటల్ నుంచి. తేజేశ్వర్ కళ్లు తెరిచాడు. భార్య ఏదని అడుగుతున్నాడు.

ఆ కబురు వినగానే రష్మి లేచి నిలబడింది. ఏడుస్తూనే చెప్పులు వెతుక్కుంది. నిశాంత్ అప్పటికే వ్యాన్ దగ్గరికి వెళ్లాడు. ముందు తలుపు తీసి పట్టుకున్నాడు.

“పద రష్మీ. నేను డ్రైవ్ చేస్తాను.”

రష్మి నాలుగడుగులు అటు వేసి ఆగింది. తెరిచిన తలుపు వైపు చూసింది. గిరుక్కున తిరిగి, రెండో డిప్యూటీ కారు వెనక సీట్లో ఎక్కి తలుపు వేసుకుంది.

నిశాంత్ చాలాసేపు ఆ తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

బేడీలతో నిలబడిన అనుష్క అంతా చూసింది. దేదీప్య చెవి దగ్గరికి వంగింది.

“చూశారా?” అంది. “మీరున్నారని ఎక్కలేదు.”