నలభై రెండో కిలోమీటరు

సోమవారం ఉదయం పదీ ఇరవైకి, రెండు ఊళ్లను కలిపే హైవే మీద నలభై రెండో కిలోమీటరు దగ్గర, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ జీపు ముందు చక్రం రోడ్డులోకి దిగబడింది. రోడ్డు ప్రారంభమై పదకొండు రోజులైంది. రిబ్బను ముక్క ఇంకా స్తంభానికి వేలాడుతోంది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. సైట్ ఇంజనీరు ఎదురు పరిగెత్తాడు. అతను కాంట్రాక్టరుకు మేనల్లుడు.

"వానకి కాస్త మెత్తబడింది మేడం."

"రోడ్డా, మీరా?"

"మీరొస్తున్నట్టు ముందు చెప్పలేదు..."

"చెప్తే చక్రం దిగేది కాదా?"

పక్కన ఆపి ఉన్న రోలర్ మీంచి డ్రైవర్ నవ్వాపుకోవడానికి దగ్గాడు.

తనిఖీ అంటే రోడ్డుకు బెజ్జం వేసి, ముక్క తీసి, తారు మందం కొలవడం. నూరు మిల్లీమీటర్లుండాలి. ఎక్కడ తీయాలో ఇన్‌స్పెక్టర్ చెప్పాలని రూలు. కాంట్రాక్టరు మనుషులే ముందుగా తెల్లరంగుతో గుండ్రాలు గీసి ఉంచడం అలవాటు. గుండ్రం కింద నూటపది ఉంటుంది. గుండ్రం దాటితే దేవుడి దయ. ఈ గుండ్రాలు గీసింది సైట్ ఇంజనీరే.

"ఇక్కడ తీయిస్తాను మేడం."

"చక్రం దిగిన చోట తీయించండి."

"అక్కడ గుండ్రం లేదు కదా!"

"అందుకే."

అరవై రెండు వచ్చింది.

రిపోర్టు మీద అతనూ సంతకం చేయాలి. చేస్తే మూడు వందల మీటర్లు తవ్వి మళ్లీ వేయాలి. అతను మేనమామకు ఫోన్ చేశాడు. స్పీకర్ అక్కర్లేకుండానే అందరికీ వినిపించింది.

"ఒరేయ్, సంతకం పెట్టావో, నా గుమ్మం తొక్కకు!"

అతను పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.

"నన్ను మెప్పించడానికా?" అందామె.

"ఇందాకటి దాకా అందర్నీ మెప్పించే పనే చేశాను మేడం. అరవై రెండొచ్చింది."

తవ్వి మళ్లీ వేయడానికి ఆరు వారాలు పట్టింది. ఆమె ప్రతి సోమవారం వచ్చింది. రూలు ప్రకారం నెలకోసారి వస్తే చాలు. ఆ సంగతి ఆమెకు గుర్తు చేసేంత బుద్ధిమంతుడు సైట్‌లో లేడు.

ఆరో సోమవారం వాన పడింది. ఇద్దరూ రోలర్ టాపు కింద నిలబడ్డారు.

"మనం పెళ్లి చేసుకుందామా?" అన్నాడతను.

ఆమె రిపోర్టు ఫైలు మూసింది. "మీ గురించి ఎవర్నడగాలి? మీ అమ్మగారినా? ఈ డ్రైవర్‌నా?"

"వాళ్లు నేను గీసిన గుండ్రాలు. మీకు నచ్చిన చోట అడగండి."

మర్నాడు ఆమె అతని మేనమామ ఆఫీసుకు వెళ్లింది.

"వాడా?" అన్నాడు కాంట్రాక్టరు. "పెంచిన నా కొంపే ముంచాడు. చిన్నప్పుడూ అంతేనమ్మా. గ్లాసు పగిలితే, ఎవరూ అడక్కుండానే వచ్చి చెప్పేసేవాడు. గుండ్రాలు గీయమంటే గీశాడు గానీ, వారం రోజులు సరిగ్గా తిండి తిన్లేదు. అబద్ధం అరగదు వెధవకి. ఎందుకడుగుతున్నావ్?"

"పెళ్లి చేసుకుందామని సార్."

కాంట్రాక్టరు టీ చెప్పాడు. ఆమెకు మాత్రమే కాదు, ఆమెతో వచ్చి, గుమ్మం తొక్కకుండా బయట మెట్ల మీద కూర్చున్న మేనల్లుడికి కూడా.

కొత్త రోడ్డు నుంచి తీసిన ముక్క నూట రెండు మిల్లీమీటర్లుంది. పెళ్లికి మేనమామ నలభై రెండో కిలోమీటరు మీదుగానే కారులో వచ్చాడు. చక్రం దిగలేదు.