అమ్మ సరిచేసిన మడత

పొద్దున్నే కూతురు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే, అమ్మ ఆమె సంచీలోంచి ప్యాంటు తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. కూతురు పాత బట్టలు బాగుచేసే షాపులో చేరిన దగ్గర్నుంచీ ఇంటికి తెచ్చిన ప్రతి కుట్టూ చూస్తేగానీ ఆవిడకి ముద్ద దిగదు.

మడత లోపల దారం ముడి నల్లగా, చచ్చిన చీమలా అంటుకుని ఉంది. అమ్మకి ఒళ్ళు జలదరించింది.

"ఇదేం కుట్టే? కుక్క నమిలి ఊసినట్టుంది."

"లోపలి ముడమ్మా. ఎవరు చూస్తారు?"

"చూసేవాళ్ళు చూస్తారు. మొహాన అనరు, వెనకాల అనుకుంటారు."

"నీకు పగలే పీడకలలు" అని నవ్వి, కూతురు తలస్నానానికి వెళ్ళింది.

అప్పుడు చూసింది అమ్మ. కుడికాలు ఎడమకాలు కన్నా బొటనవేలంత పొట్టి. ఎంగిలి కంచంలో వడ్డించి పెట్టడానికీ దీనికీ తేడా ఏముంది? షాపామె ఇవాళే పొమ్మంటుంది, ఇంకెవరూ పని ఇవ్వరు, పిల్ల ఇంట్లో మూల కూర్చుంటుంది. అక్కడిదాకా వెళ్ళిపోయింది ఆలోచన. చెబితే వాదనకి దిగుతుందని, కూతురు జడ వేసుకుని వచ్చేలోపు మడత విప్పి, కాలు దించి, చేత్తో కుట్టి, ఇస్త్రీ చేసి సంచీలో పెట్టేసింది.

సాయంత్రం అదే ప్యాంటు అమ్మ ఒళ్ళో వచ్చి పడింది.

"నువ్వేనా?"

"కాళ్ళు హెచ్చుతగ్గులుంటే సరిచేశాను. తప్పా?"

"హెచ్చుతగ్గులు ఈ ప్యాంటు తొడుక్కునే బడి మాస్టారి కాళ్ళలో ఉన్నాయమ్మా. ఆయన కుడికాలు పొట్టి. మూడుసార్లు నిలబెట్టి కొలిచి పట్టుకున్నాను ఆ తేడా. రెండు మడతలూ బూటు మీద సమంగా వాలితే ఆ లోపం ఎవరి కంటా పడదు." కూతురు కుడికాలి మడత వేలితో చూపించింది. "ఇవాళ బడిలో వేదిక ఎక్కుతుంటే మడత బూటు కిందికి పోయి తూలారట. పిల్లలంతా నవ్వారట. ఈసారి కొలత మరిచావా అమ్మాయీ, అన్నారంతే. మా షాపు మేడమ్ నా కొలతల టేపు లాక్కుని, ఇక గుండీలు కుట్టుకో అంది."

"మా అమ్మ పని అని చెప్పలేకపోయావా?"

"చెబితే ఇంటికి ఒక్క బట్టైనా ఇస్తుందా? నా తప్పే అన్నాను."

అమ్మ తన కుట్టు వంక చూసింది. గీత గీసినట్టుంది, వంక పెట్టడానికి లేదు. పొద్దున ఆ ముడిని చూసినప్పటికన్నా ఎక్కువ రోత పుట్టింది. తన వేళ్ళనే కడుక్కోవాలనిపించింది.

కూతురు కత్తెర అందుకోబోయింది.

"వద్దు. నేను కుట్టింది నేనే విప్పుతాను. నువ్వు కొలత చెప్పు, చాలు."

మర్నాడు షాపు తెరవకముందే అమ్మ గుమ్మంలో ఉంది.

"ఆ తప్పు మా పిల్లది కాదమ్మా, నాది. బాగున్నదాన్ని పాడుచేశాను. ఇక దాని సంచీ ముట్టను" అంది, తలెత్తకుండా.

షాపామె సొరుగులోంచి టేపు తీసి కూతురి మెడలో వేసింది.

మాస్టారు వచ్చి, లోపల ప్యాంటు మార్చుకుని, తలూపి వెళ్ళారు. అమ్మ గుమ్మంలోనే నిలబడి, వీధి మలుపు దాకా ఆయన కాళ్ళ వంకే చూసింది. పొట్టికాలు ఏదో తెలిసి కూడా ఆనవాలు పట్టలేకపోయింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. అప్పుడూ తెలియలేదు.